మాయపాతర రాసిన రామలింగం

రామలింగం నవల ఏది తిరగేసినా వెనక అట్ట మీద అదే ఫొటో. నల్ల శాలువా, నుదుట అర్ధరూపాయంత కుంకుమబొట్టు, ఫొటో తీసేవాడు తన కాలు తొక్కినట్టు గుర్రుగా ఒక చూపు. దాని కింద నాలుగు ముక్కలు: "పురానాపూల్ శ్మశానవాటికలో ఎన్నో అమావాస్యలు ఒంటరిగా గడిపి, క్షుద్రవిద్యల లోతులు కళ్లారా చూసిన సాహసి, కపాలి." కపాలి అంటే రామలింగమే. అది కలం పేరు.

ఈ సాహసి నలభై ఏళ్లు దాటాక కూడా చీకటి పడితే పెరట్లోకి ఒంటరిగా వెళ్లేవాడు కాదని ఉప్పుగూడలో ఆయన ఉన్న గల్లీ మొత్తానికి తెలుసు. భార్య సుశీలమ్మ కందిలి పట్టుకుని తలుపు దగ్గర నిలబడాలి. నిలబడితే చాలదు, మాట్లాడుతూ ఉండాలి.

"ఉన్నవా?"

"ఉన్న."

"ఊకున్నవేంది? ఏమన్న మాట్లాడరాదు?"

"ఏం మాట్లాడాలె? మీ కథ ఒకటి చెప్పాల్నా?"

"వద్దు, వద్దు!"

పక్కింటివాళ్లు ఈ సంభాషణ విని నవ్వుకుని పడుకునేవారు. పురానాపూల్ శ్మశానానికి ఆయన వెళ్లింది ఒక్కసారే, తండ్రి ఈశ్వరయ్య పోయినప్పుడు. కొరివి పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకుండా రావాలన్నది ఆచారం. ఆ ఆచారాన్ని రామలింగం పాటించినంత నిష్ఠగా ఇంకెవరూ పాటించి ఉండరు. వంతెన దాటేదాకా ఆయన ఎవరికీ అందలేదని పాడె మోసినవాళ్లు చెప్పుకునేవారు.

సాహిత్యంలో మీ మీద ఎవరి ప్రభావం ఉందని ఒక సభలో అడిగితే తాళపత్రాలన్నాడు, తంత్రశాస్త్రమన్నాడు. తాళపత్రం ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. ముట్టుకున్నా చదవలేడు. ఆయన మీద పనిచేసింది మొదట తల్లి రుక్మిణమ్మ. అల్లరి చేసే కొడుకును నిద్రపుచ్చడానికి ఉప్పుగూడ రైలుకట్ట మీద తల లేని మనిషి తిరుగుతున్నాడని చెప్పేది. కొడుకు నిద్రపోలేదు సరికదా, జీవితాంతం మేలుకునే ఉన్నాడు. తర్వాత పనిచేసింది తండ్రి దుకాణం. ఈశ్వరయ్యది పసారి దుకాణం. నాటుమందుల దినుసులూ పూజ సామానూ అక్కడ దొరికేవి. గుగ్గిలం, కరక్కాయ, ఇంగువ, నల్లదారం, గవ్వలు. బిడ్డకు జ్వరం వచ్చిందని ఒకడు, బర్రె పాలివ్వడం లేదని ఒకడు వచ్చేవారు. ఈశ్వరయ్య వాళ్ల భయానికి తగిన దినుసు తీసి పొట్లం కట్టి ఇచ్చేవాడు. కొడుకు దుకాణంలో కూర్చోలేదు, తమ్ముడు అమరనాథ్ కూర్చున్నాడు. కానీ రామలింగం మాత్రం ఏం చేశాడు? తండ్రి పొట్లాలు కట్టి అమ్మిన భయాన్నే పుస్తకాలు కుట్టించి అమ్మాడు. సరుకు అదే, కాగితం మారింది.

మెట్రిక్ దాకా ఉర్దూ మీడియంలో చదివాడు. సంతోష్‌నగర్ అవతల ఒక సర్కారు కంపెనీలో గుమస్తా అయ్యాడు. తెలుగు చదవడం అద్దె పుస్తకాల షాపులో నేర్చుకున్నాడు. అది తప్పు కాదు, పట్నంలో అప్పుడు చాలామంది తెలుగు అట్లాగే నేర్చుకున్నారు. పోనీ, రాయడం రానివాడా అంటే అదీ కాదు. పంతొమ్మిది వందల డెబ్బైలో మూసీ పొంగి ఒడ్డు గుడిసెలు కొట్టుకుపోయినప్పుడు ఒక కథ రాశాడు. నీళ్లు తీశాక ఒక ముసలామె తన గుడిసె జాగా ఏదో గుర్తుపట్టలేక, బురదలో కాలితో తడుముకుంటూ పొయ్యిరాళ్ల కోసం తిరుగుతుంది. అంతే కథ. చేతిరాతలో చదివినవాళ్లు ఇప్పటికీ ఆ ముసలామెను మరిచిపోలేదంటారు. తల్లి మాట్లాడే మాటలోనే రాశాడు. బెజవాడ పత్రిక తిప్పి పంపింది. ఇతివృత్తం బాగుంది, భాష అర్థం కాలేదు, మార్చి రాయండి అని.

అలాంటి జవాబులు అప్పుడు మన తెలంగాణ వైపు చాలామందికి వచ్చాయి. వాళ్లకు కోపం వచ్చింది. ఆ కోపంతో కొందరు సొంతంగా చిన్న పత్రికలు పెట్టుకున్నారు, నష్టపోయారు, మళ్లీ పెట్టారు. రామలింగానికి కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. ఆ సిగ్గుతో ఆయన భాష మార్చుకున్నాడు. ఎంత బాగా మార్చుకున్నాడంటే, ఆయన నవలల్లో డాక్టరూ ఇన్‌స్పెక్టరూ నాయికా కృష్ణ ఒడ్డున పుట్టినట్టు మాట్లాడతారు. దొంగా, కాటికాపరీ, మంత్రగత్తే మాత్రం గిట్ల, గట్ల, ఏంది అంటారు. తల్లి మాటను తీసుకెళ్లి మంత్రగత్తె నోట్లో పెట్టాడు. బెజవాడ పాఠకుడు అది సహజమే అనుకున్నాడు. మన పాఠకుడు కూడా అట్లాగే అనుకున్నాడు, ఎక్కువ సిగ్గుపడవలసింది దానికి.

డెబ్బయ్యో దశకం ముగిసేసరికి తెలుగు వారపత్రికలన్నిటికీ చేతబడి పట్టింది. ఏ సీరియల్ చూసినా నిమ్మకాయలు, పుర్రెలు, బట్టలిప్పిన పూజలు. కరువు మీద కథ పంపితే జాగా లేదనే ఎడిటరు పుర్రె మీద పంపితే వారానికి నాలుగు పేజీలిచ్చాడు. రామలింగం కపాలి అయ్యాడు.

ఆయనకు పేరు తెచ్చిన 'మాయపాతర' ఎట్లా పుట్టిందో చెప్పాలి.

సుశీలమ్మకు రెండో కాన్పు ఇంట్లోనే అయింది. పురుడు పోసింది చంద్రమ్మ. పాలమూరు వైపు నుంచి భర్తతో పట్నం వచ్చిన మంగలి ఆడమనిషి. భర్త పోయినా ఆ గల్లీలోనే ఉండిపోయింది. అప్పటికి గల్లీలో సగం పిల్లలు ఆమె చేతి మీదుగా భూమ్మీద పడ్డవాళ్లే. రామలింగం తలుపు అవతల చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పూర్తిగా పెట్టుకోలేదు, నవలాకారుడు కదా.

"పిల్ల మంచిగున్నది. మాయ పడలె ఇంక," అంటోంది లోపల చంద్రమ్మ.

"పడుతదా?" రుక్మిణమ్మ గొంతు.

"పడకేం జేస్తది? లోపల నిలిస్తే తల్లిని తింటది. జెర ఓపిక పట్టు, సుశీలమ్మా... హా, పడ్డది! కొత్త కుండ తెండ్రి, పాతిపెట్టాలె."

కాసేపటికి చంద్రమ్మ పెరట్లో జాలారి పక్కన, స్నానాల నీళ్లు పోయే చోట, గుంత తీసి కుండను దించింది. పిడికెడు పసుపు చల్లి మట్టి కప్పుతూ అన్న మాట కిటికీలోంచి వినిపించింది: "నీది నీకిచ్చిన, నాది నాకియ్యి."

మాయ అంటే ఏమిటి? తల్లి కడుపులో బిడ్డతో పాటు పెరిగి, బిడ్డ వెనకాలే బయటికి వచ్చేది. మావి అని కూడా అంటారు. ఏ ఇంట్లో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. కానీ అడగాలి కదా. ఆ మాట మగవాళ్ల ముందు ఎత్తకూడదన్నది మన ఆడవాళ్ల మర్యాద. ఎత్తినా చెవిన వేసుకోకపోవడం మన మగవాళ్ల హోదా. ఇద్దరు బిడ్డల తండ్రి, తెలుగు రచయిత అయిన రామలింగానికి మాయ అంటే మాయే. కనికట్టు, మంత్రం, తంత్రం. లోపల నిలిస్తే తల్లిని తింటుందని వినగానే ఆయనకు వెన్నులో చలి పుట్టింది. ఆ చలి తగ్గకముందే, ఇది సీరియల్‌కు పనికొస్తుందన్న వేడి పుట్టింది. లోపలికి వెళ్లి భార్య ఎట్లా ఉందో చూశాడా అంటే, చూశాడట, ఒక అధ్యాయం అయ్యాక.

ఎనభై రెండులో 'మాయపాతర' మొదలైంది. కథలో ఒక దాయి, అంటే మంత్రసాని, ఉంటుంది. పురుడు పోసిన ప్రతి ఇంటి పెరట్లో కుండలో మాయను పాతిపెడుతుంది. అది మొలకెత్తిన నాడు ఆ ఇంటి పసిబిడ్డ ప్రాణం ఎగిరిపోతుంది. ఆమె మంత్రం, "నీది నీకిచ్చిన, నాది నాకియ్యి." ప్రతి వారం పైన పెద్ద అక్షరాలతో, "ఇది కల్పన కాదు. హైదరాబాద్ పాతబస్తీలో నేటికీ జరుగుతున్న యథార్థం" అని వేసేవారు.

ఒక విమర్శకుడు పరవశించిపోయి, "మాయ అన్న ఒక్క పదంలో జరాయువునూ జగన్మిథ్యనూ ఏకకాలంలో ధ్వనింపజేసిన కపాలి శ్లేష అనితరసాధ్యం" అని రాశాడు. జరాయువు అంటే ఆ మావికే సంస్కృతం పేరు. రామలింగం నిఘంటువు తీసి చూడలేదు. వేదాంతంలో ఏదో మాట అయి ఉంటుందనుకున్నాడు. పొగడ్త అని తెలిశాక అర్థంతో పనేముంది? ఆ తర్వాత సభల్లో "నా శ్లేష" అని తానే చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర చాయ్ హోటల్‌లో ఆ సీరియల్ వారం వారం పైకి చదివేవారు. చదివేవాడు ప్రకాశం, రైల్వేలో గేటు కాపలా. తెలుగు ధారాళంగా చదవగలిగినవాడు ఆ బెంచీల మీద అతనొక్కడే. వినేవాళ్లలో ముందు కూర్చునేది ఆగయ్య, పక్కనే సైకిల్ రిపేర్ దుకాణం అతనిది.

"'ఆమె కుండను గుంతలో దించి, పళ్లు పటపట కొరుకుతూ పలికింది: నీది నీకిచ్చిన, నాది నాకియ్యి...'"

"ఏయ్, ఆగు," అన్నాడు ఆగయ్య. "గిది మన చంద్రమ్మ మాట గదా?"

"ఏ చంద్రమ్మ?"

"మన దాయమ్మరా భాయ్. మా తమ్ముని కొడుకు పుట్టిననాడు నేను గోడవతల బీడీ తాగుతున్న. గిదే మాట నా చెవులార ఇన్న. పోచమ్మ తోడు."

"అరే, నవలల మాట నవలల్నే ఉంటది, అన్నా. చాయ్ తాగు."

"గీడ పైన ఏమని రాసిండు? మల్ల సదువు."

"యథార్థం."

"యథార్థం అంటే ఏంది?"

ప్రకాశం నిజమన్న మాటను ఆ బెంచీలకు తెలిసిన ఉర్దూలోకి మార్చాడు. "సచ్," అన్నాడు.

అంతటితో తేలిపోయింది. అచ్చులో ఉన్నది, సచ్ అని రాసి ఉన్నది.

ఆ ఎండాకాలం గల్లీ నల్లాలో మురికి కలిసింది. నీళ్లు పడితే వాసన. సగం ఇళ్లలో వాంతులు, విరేచనాలు. ఆగయ్య తమ్ముడు కృష్ణయ్యకు మూడు నెలల కొడుకు. వాడికీ పట్టుకుంది. తల్లి రాజమణి ఎవరినీ అడగకుండా బిడ్డను చంకనేసుకుని సర్కారు దవాఖానకు పోయింది. అక్కడ సెలైన్ ఎక్కించారు, బతుకుతాడో లేదో రెండు రోజులు ఆగితే గానీ చెప్పలేమన్నారు. గల్లీలో తెలివైన పని చేసింది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్లు చంద్రమ్మ వైపు చూశారు.

బాణామతి చేసిందన్న అనుమానం వస్తే పళ్లు పీకడం మన పల్లెల్లో ఉన్నదే. పళ్లు పోతే మంత్రం సరిగా పలకదు, పలకకపోతే పారదు అని నమ్మకం. అట్లా బోసినోళ్లతో మిగిలిన ముసలివాళ్లను చూసినవాళ్లు ఆ సంగతి మరిచిపోలేరు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ అనుమానం ఏనాడైనా మేడలో ఉన్న ఆడదాని మీద పడిందా? భూములున్న ఇంటి ఆడదాని మీద పడిందా? మంత్రశక్తి ఎప్పుడూ దిక్కులేని చోటే ఎందుకు నివాసముంటుందో కపాలి గారు ఏ నవల్లోనూ రాయలేదు.

ఆదివారం పొద్దున చాయ్ హోటల్ ముందు పంచాయితీ కూర్చుంది. మధ్యలో చంద్రమ్మను నిలబెట్టారు. మగవాళ్లు బెంచీల మీద, ఆడవాళ్లు ఎవరి గడపల్లో వాళ్లు. ఆగయ్య చేతిలో దుకాణం నుంచి తెచ్చిన పటకారు. దాన్ని దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు. కృష్ణయ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

విద్య తెలిసినవాడు తేల్చాలని రామలింగాన్ని పిలిపించారు. కుర్చీ వేశారు. ఆ గల్లీలో అంతదాకా ఆయన్ను అందరూ సేటు అనేవారు. ఆ రోజు మొదటిసారి సార్ అన్నారు. ఆ పిలుపుకు ఆయన మొహం వికసించిందని, అది తాము చూశామని చాలామంది తర్వాత చెప్పారు.

"సార్, మీరు గీ ఇద్దె సదివినోళ్లు," అన్నాడు ఆగయ్య. "చెప్పుండ్రి. ఈమె చేసిందా, చేయలేదా? చేసిందంటే పండ్లు తీస్త. లేదంటే ఇడిసిపెడత."

రామలింగం చెప్పవలసింది ఒక్క మాట. నేను ఊహించి రాశాను. ఆ మాటంటే చంద్రమ్మ పళ్లు దక్కుతాయి. కానీ పత్రికలో వేసే యథార్థం పోతుంది. సీరియల్ ఇంకా నడవాలి, పుస్తకం అచ్చుకు పోవాలి. ఆయన చంద్రమ్మ వైపు చూశాడు, పటకారు వైపు చూశాడు. గొంతు సవరించుకుని అచ్చు తెలుగులో, పత్రికల తెలుగులో, మొదలుపెట్టాడు.

"చూడండి. శక్తులు రెండు విధాలు. సాత్వికం, తామసం. ఈమెలో ఉన్నది బహుశా సాత్విక శక్తి అయి ఉండవచ్చు. తగిన శాంతి జరిపిస్తే..."

"అంటే శక్తి ఉన్నట్టే గదా, సార్?"

"ఉండవచ్చు అన్నాను."

"ఉన్నదంట!" అని వెనక బెంచీ దాకా మాట పాకింది.

శాంతికి గుగ్గిలం, నల్లదారం, తొమ్మిది గవ్వలు కావాలన్నాడు. ఆ సామాను ఆ చుట్టుపక్కల దొరికేది ఆయన తమ్ముడి దుకాణంలోనే. ఆ సంగతి ఆయనకు తట్టి ఉండదు. వంశంలో ఉన్న వ్యాపారం ఎవరికీ తట్టనక్కర్లేదు, దానంతటది జరిగిపోతుంది.

చంద్రమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"ఓ సేటు, నాకు శక్తే ఉంటే నీ పెండ్లాం నొప్పులకు పొద్దుందాక నడుం వంచి ఎందుకు కూసుంటి? గీ హోటల్ల కూసోని చాయ్ తాగుకుంట మంత్రం సదువుదు గదా. నడుమన్న నొయ్యకపోవు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆగయ్య లేచాడు.

"మాటలు మస్తు చెప్పకు. ఒక్కటే అడుగుత. మా పెరట్ల మాయ పాతిపెట్టినవా, లేదా?"

"పెట్టిన," అంది చంద్రమ్మ.

బెంచీల మీద నుంచి నలుగురు ఒక్కసారే లేచారు.

"ఒప్పుకున్నది!"

"ఒప్పుకునుడేంది? అందరిండ్లల్ల పెట్టిన. నీ ఇంట్ల పెట్టిన, గీ ప్రకాశం ఇంట్ల పెట్టిన, గా సేటింట్ల పెట్టిన. పెట్టకుంటే కుక్కలు గుంజుకపోవా?"

"మా ఇంట్ల గూడనా?" ప్రకాశం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

ఇద్దరు గడ్డపార పట్టుకుని కృష్ణయ్య పెరట్లోకి ఉరికారు. జాలారి పక్కన తవ్వారు. మూత పెట్టిన మట్టికుండ దొరికింది. తెచ్చి మధ్యలో పెట్టి మూత తీశారు. లోపల నల్లటి మట్టి, అంచున కాస్త పసుపు. అంత ధైర్యం చేసి తెచ్చినవాళ్లే ఎగిరి వెనక్కి పడ్డారు. శ్మశానంలో అమావాస్యలు గడిపిన కపాలి కుర్చీలోంచి లేచి కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

గడపల్లో ఉన్న ఆడవాళ్లు ఆ కుండను చూశారు. అదేమిటో ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్ల వాళ్ల పెరళ్లలోనూ ఉందని తెలుసు. ఆగయ్య తల్లి కొమురమ్మ ఆరుగురిని కన్న మనిషి, ఆమెకు తెలియదా? నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బెంచీల మీది ముసలివాళ్లలో కొందరికైనా తెలిసే ఉంటుంది. గడ్డాలు గోక్కున్నారు. గల్లీలో సగం మందికి తెలిసిన నిజం గల్లీలో ఒక్క నోటా రాలేదు. పరువు అని మనం మురిసిపోయేది దీన్నే.

ఆగయ్య ఒక చేత్తో చంద్రమ్మ దవడ పట్టుకున్నాడు. ఆమె పెదవులు బిగించింది. పటకారు పెదవులకు తగిలింది.

అప్పుడు సుశీలమ్మ గడప దిగింది. సేట్ల ఇంటి కోడలు, చాయ్ హోటల్ ముందు మగవాళ్ల మధ్య నిలబడడం ఆ గల్లీ అంతదాకా చూడలేదు. ఆమె ఆగయ్య దగ్గరికి పోలేదు. నేరుగా భర్త దగ్గరికి పోయింది.

"ఏమండి, మాయ అంటే ఏందో చెప్పుండ్రి."

"నువ్వు లోపలికి వెళ్లు."

"పోత. మీరు చెప్పినంక పోత. మాయ అంటే ఏంది?"

"అది... మనిషిని భ్రమింపజేసే ఒక అదృశ్య శక్తి..."

"శక్తి లేదు, బొంద లేదు!" సుశీలమ్మ గొంతు గల్లీ చివరిదాకా వినిపించింది. "కడుపుల బిడ్డకు బువ్వ పెట్టేది మాయ. బొడ్డుపేగు కొస దానికే ఉంటది. బిడ్డ పుట్టినంక గది గూడ బయట పడుతది. పడకుంటే తల్లి సస్తది. నాకు పడ్డది, గందుకే బతికి మీకు అన్నం వండుతున్న. గింత తెల్వదా మీకు? ఇద్దరు పిల్లలు ఎట్లొచ్చిండ్రనుకున్నరు? మీ కథల లెక్క పోస్టుల వచ్చిండ్రా?"

నవ్వు ముందు గడపల్లో పుట్టింది. ఎవరో ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. ఆ తర్వాత ఇంకొకామె. సుశీలమ్మ నవ్వలేదు. కొమురమ్మ వైపు తిరిగింది.

"ఓ కొమురమ్మత్తా, నీకెరుక లేదా?"

"మొగోళ్ల ముంగట గా మాటలేందమ్మా..."

"మొగోళ్ల ముంగట పండ్లు పీకొచ్చు గని మాయ అనొద్దా?"

కొమురమ్మ తల దించుకుంది. కొడుకుతో, భూమిలోకి చెప్పినట్టు, "నిజమేరా. నువ్వు పుట్టినప్పుడు గూడ పెట్టిండ్రు," అంది.

ఆగయ్య చెయ్యి వదులైంది. పటకారు ఏం చేయాలో తెలియక లుంగీకి తుడిచాడు. ఎవరి మీదో ఒకరి మీద కోపం తీరాలి కదా, కుర్చీ వెనక ఉన్న మనిషి మీదికి తిరిగాడు.

"మరి మీరు రాసిందేంది, సార్?"

"అది... కల్పన," అన్నాడు రామలింగం.

"కల్పన అంటే?"

"సృజన. రచయిత ఊహాశక్తి."

"గదేంది మల్ల?"

ప్రకాశం అనువాదం చేశాడు. "జూట్."

"యథార్థం అని పైన ఏసిండు గదా?"

"గది గూడ జూట్."

"మరి పురానాపూల్ల అమాస నాడు పండుకున్నది?"

"పెరట్లకే కందిలి లేంది పోడు!" అని పక్కింటి గడపలోంచి ఎవరో అరిచారు. ఇక ఎవరూ ఆపుకోలేదు. పటకారు చూసి నవ్వు మింగినవాళ్లు కూడా కడుపు పట్టుకున్నారు. రామలింగం మాత్రం ఆ మాట తన నోటితో అనలేదు. కల్పన అన్నాడు, సృజన అన్నాడు, జూట్ అనలేదు. చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే. ఆయన నవలల్లో మంత్రగత్తెలు అనే మాట.

నవ్వు తగ్గాక కృష్ణయ్య మెల్లగా అడిగాడు. "మరి నీది నీకిచ్చిన అంటవు గదా, చంద్రమ్మా, గదేంది?"

ఆమె దవడ రుద్దుకుంటూ అంది: "భూదేవికి చెప్పుడు, బిడ్డా. మాయ నీది, తీస్కో. పిల్లగాడు మాకు గావాలె, అడగకు అని. నీ కొడుకు కోసం గూడ గట్లనే చెప్పిన."

కృష్ణయ్య ఆ కుండ ఎత్తుకుని పెరట్లోకి పోయాడు.

పిల్లవాడు బతికాడు. నీళ్లు కాచి తాగండి అని దవాఖానలో చెప్పి పంపారు. ఎవరూ చంద్రమ్మను క్షమించమని అడగలేదు. మన దగ్గర నాలుగు తన్ని వదిలేసినా, తన్నకుండా వదిలేసినా, అది తన్నేవాళ్ల మంచితనంలోకే వస్తుంది.

'మాయపాతర' ఆగలేదు. మిగిలిన భాగాలు ముందే బెజవాడ చేరాయి. తర్వాతి వారాల్లో మంత్రగత్తె పళ్లను ఇన్‌స్పెక్టరు పీకించే ఘట్టం వచ్చింది, ఒళ్లు గగుర్పొడిచిందని పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆపించాలని అడిగినవాళ్లకు ఎడిటరు, సాహిత్యాన్ని సాహిత్యంగానే చూడాలని హితవు చెప్పాడు. పుస్తకం అట్ట మీద యథార్థం అలాగే ఉంది. రామలింగం ఇల్లు మార్చి నది అవతలికి, కొత్త పట్నంలోకి పోయాడు. కందిలి సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. అక్కడ సన్మానాలు జరిగాయి. శ్లేష మీద ఒకాయన పరిశోధన కూడా చేస్తున్నాడట.

చీకటి గురించి రాయడం నేరం కాదు. మన గల్లీల్లో చీకటికి కొరత లేదు. బురదలో కాలితో తడుముకుంటూ పొయ్యిరాళ్లు వెతుక్కున్న ముసలామె కంటే పెద్ద చీకటి ఉందా? ఆమెను అచ్చు తెలుగు రాదని బయటికి నెట్టి, ఆమె నోటి మాటనే పుర్రెకు తొడిగి అమ్ముకున్నవాణ్ని చీకటి రచయిత అనడం చీకటికే అవమానం.

ఆ వానాకాలం ఆగయ్య భార్య నాగమణమ్మకు నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. గల్లీలో మోకాటిలోతు నీళ్లు, రిక్షావాడు రానన్నాడు. ఆగయ్య చంద్రమ్మ గడప ముందు తడుస్తూ నిలబడ్డాడు.

"పటకారు తెచ్చినవా?" అని అడిగింది ఆమె.

"తేలే," అన్నాడు తల వంచుకుని.

"అయితే గడ్డపార తెచ్చుకో. గుంత ఈసారి నువ్వే తియ్యాలె. మాయ నీ చేతులతోటే దించాలె. ఒప్పుకుంటె వస్త."

"మొగోణ్ని, నేనెట్ల..."

"మరి పో. రిక్షా చూసుకో."

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. సన్నగా వాన పడుతుండగా పెరట్లో ఆగయ్య తవ్వాడు. చంద్రమ్మ కుండ పట్టుకుని పక్కన నిలబడింది. చుట్టూ గోడల మీద నుంచి గల్లీ మగవాళ్ల తలలు కనిపిస్తున్నాయి. మోకాలి లోతు అయ్యాక ఆగయ్య మొహం మీది నీళ్లు తుడుచుకుని తలెత్తాడు.

"చాల్నా? ఇంక తియ్యాల్నా?"

"తియ్యి," అంది చంద్రమ్మ. "కుక్కలకైతే గిది చాలు. మనుషులు తవ్వకుంట గావాలె."